ఎండకు ఎండ కావాలట!

డిసెంబరులో గోల్ఫు. దుబాయా, థాయ్‌లాండ్‌లోని హువా హిన్నా? హైటెక్ సిటీలో ఓ మేనేజరు గారు ఎక్సెల్ షీటు ముందేసుకుని కూర్చున్నారు. ఒకచోట 1988లో ఎడారిలో గడ్డి మొలిపించిన ఎమిరేట్స్ క్లబ్బు, రెండోచోట 1924 నాటి రాయల్ కోర్సు. రెండింటికీ పడ్డ టిక్కు ఒక్కటే: 'చలికాలంలో వెచ్చటి ఎండ'.

మంచులో వణికే లండన్ వాడు ఎండ వెతుక్కున్నాడంటే సరే. మన డిసెంబరు మధ్యాహ్నం 28 డిగ్రీలుంటుంది సార్! ఏసీలో స్వెటర్ వేసుకుని కూర్చునేవారికి ఆ కబురు ఎవరు చెప్పాలి? పైగా కోర్సులు ఊళ్లోనే ఉన్నాయి: గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్, గోల్కొండలో నయాఖిల్లా దగ్గర ఇంకోటి. రెండూ 18 హోల్సే.

"నిజమే, కానీ ఆఫీసు వదిలే వేళకు బయోడైవర్సిటీ జంక్షన్ దాటాలిగా! దుబాయ్ అయితే నాలుగు గంటలే" అన్నారాయన.