రెండు వందల లీటర్ల వారం

కార్తీకమాసంలో రాజమండ్రిలో ఎవరి పెరట్లోనైనా ఉసిరిచెట్టు ఉందంటే, ఆ నెలంతా ఆ ఇల్లు వాళ్ళ సొంతం కాదు. దానవాయిపేటలో ఓ రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారింట్లో అలాంటి చెట్టొకటి ఉంది. చెట్టు చుట్టూ అరవై గజాల పెరడు, పెరటినిండా మోకాలెత్తు గడ్డి. "ఆదివారం వనభోజనాలకు వీధిలో వాళ్ళు నలభై మంది వస్తున్నారు. ఈలోగా గడ్డి పీకించండి చాలు" అని సోమవారం పొద్దున్నే ఆయన భార్య చెప్పారు. ఆ 'చాలు' అన్న మాట ఆయన చెవిన పడలేదు.

తెల్లారుజామున గోదావరి స్నానం అయింది. ఉపవాసం మొదలైంది. చామంతి మొక్కలు నాలుగు తెస్తానని కడియపులంక బయల్దేరారు. కంటికి ఆనినంత మేర నర్సరీలే ఉన్న ఊళ్ళో నాలుగు మొక్కలు కొనుక్కుని రావడమంటే, పెళ్ళి భోజనానికెళ్ళి ఒక్క అప్పడం తిని లేవడమే. సాయంత్రం నక్షత్రం కనపడితే భోంచేద్దామని ఆవిడ గుమ్మంలోకి వస్తే, ముందు ట్రక్కు ఆటో కనపడింది.

ఇన్ని మొక్కలకు ఎరువు కావద్దా? మంగళవారం జీవామృతం. మహారాష్ట్ర రైతు సుభాష్ పాలేకర్ ఊరూరా ప్రచారం చేసిన ద్రావణం ఇది. రెండు వందల లీటర్ల నీళ్ళలో పది కిలోల ఆవుపేడ, పది లీటర్ల గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. నీడలో పెట్టి, పూటపూటా కర్రతో కలుపుతూ రెండు రోజులు మురగనిస్తే, మట్టిలో మేలుచేసే సూక్ష్మజీవులు బెల్లమూ పిండీ తిని పిల్లాపాపలతో వర్ధిల్లుతాయి. డ్రమ్ము కొన్నారు, పేడ తెప్పించారు. పప్పుపిండి కోసం బజారుకెళ్ళే పని లేకపోయింది. వంటింట్లో డబ్బా నిండా రెండు కిలోల శనగపిండి ఉంది. ఆదివారం మిరపకాయ బజ్జీల కోసం ఆవిడ ఆడించి పెట్టుకున్నది.

ఇక్కడ చిన్న లెక్క చూడాలి. ఆ రెండు వందల లీటర్లు ఎకరానికి చెప్పిన మోతాదు. ఎకరమంటే 4,840 గజాలు. అరవై గజాలకు రెండున్నర లీటర్లు సరిపోతుంది. ముప్ఫై అయిదేళ్ళు చక్రవడ్డీలు కట్టిన మనిషికి ఈ లెక్క బుధవారం మధ్యాహ్నం, కర్రతో కలుపుతుండగా తట్టింది. పైగా ఈ అమృతానికి ఆయుష్షు తక్కువ, వారంలోపు వాడెయ్యాలి. మిగిలిన నూట తొంభై ఏడున్నర లీటర్లు ఏం చెయ్యాలి?

పంచిపెట్టాలి. రిటైరయ్యాక ఏ ఇంటి గడపా తొక్కని మనిషి గురువారం సాయంత్రం నుంచి, ఖాళీ కూల్‌డ్రింకు సీసాల్లో జీవామృతం నింపుకుని, వీధిలో ప్రతి ఇంటి తలుపూ కొట్టారు. కాఫీలు తాగారు. మనవళ్ళ ఉద్యోగాల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి తెలుసుకున్నారు. ఓ ఇంటి అమ్మాయి ఈఏపీసెట్ ర్యాంకు విని రెండోసారి అభినందించి, రెండో సీసా కూడా అంటగట్టి వచ్చారు. ఒకింట్లో పేరులో అమృతం ఉందని పెద్దావిడ సీసాను భక్తిగా ఫ్రిజ్‌లో పెట్టారు. మర్నాడు ఆ ఫ్రిజ్ వరండాలోకి వచ్చింది.

మధ్యలో పిల్లనగ్రోవి క్లాసు ఒకటి. సరళీ వరసలు మాయామాళవగౌళ రాగంలో మొదలవుతాయి. ఆయనవి మూడు నెలలుగా ఉత్త గాలి దగ్గరే ఆగాయి. శుక్రవారం సాధన చేస్తుంటే పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, "వదినగారూ, మీ కుక్కరు గాస్కెట్టు పోయినట్టుంది, ఒకసారి చూసుకోండి" అన్నారు.

అయితే శుక్రవారం అసలు విషాదం స్టాంపులది. చిన్నప్పటి నుంచీ ఆయన స్టాంపులు పోగుచేస్తున్నారు. స్వతంత్ర భారతం మొదటి స్టాంపు 1947 నవంబరు 21న వచ్చిందనీ, జెండా బొమ్మ మీద జైహింద్ అని ఉంటుందనీ, వెల మూడున్నర అణాలనీ అడగని వాళ్ళక్కూడా చెబుతారు. అది మాత్రం ఆయన దగ్గర లేదు. గురువారం రాత్రి పాత కవర్ల మీది స్టాంపుల్ని నీళ్ళలో నానబెట్టి, ఊడదీసి, వరండాలో పాత పేపరు మీద ఆరబెట్టి పడుకున్నారు. తెల్లారేసరికి సగం స్టాంపులకు అంచులు లేవు. పేపరు మీద వెండి జరీలాంటి జిగురు చార మిగిలింది.

ఆఫ్రికా నత్త! పెద్దదైతే అరచేతికి సరిపోతుంది. బొప్పాయి, బంతి, అరటి పిలకలు అన్న భేదం లేదు, తడి కాగితమైనా పలహారమే. ఒక్కో నత్తలో ఆడా మగా రెండూ ఉంటాయి. ఏడాదికి వందల గుడ్లు పెడుతుంది. ఇది మన దేశానికి ఎలా వచ్చిందో చదివి మేనేజరు గారు కాసేపు మాట్లాడలేదు. గవ్వలూ నత్తలూ పోగుచేసే సరదా ఉన్న బెన్సన్ అనే దొర ఒకాయన 1847లో మారిషస్ నుంచి తెచ్చిన నత్తల్ని కలకత్తా చౌరంగీలో ఓ తోటలో వదిలిపెట్టాడట. అంటే ఒక దొరగారి హాబీ, నూట డెబ్భై ఏళ్ళకు పైగా పాకుతూ వచ్చి, దానవాయిపేటలో ఇంకొకాయన హాబీని తినేసింది. ఆ దొరకూ భార్య ఉంటే ఆవిడేమందో మరి.

ఉప్పు చల్లితే మట్టి పాడవుతుంది. తడి గోనెసంచులు పరిస్తే రాత్రికి వాటి కింద చేరతాయి, పొద్దున్నే ఏరెయ్యాలి. అయితే వీటిలో రోగాలు తెచ్చే పరాన్నజీవులు ఉండొచ్చు కాబట్టి ఉత్త చేతులతో పట్టుకోకూడదు. శనివారం పొద్దున వీధి పిల్లలకు గ్లవుజులు ఇచ్చి, ఉప్పునీళ్ళ బకెట్టు పెట్టి, నత్తకు రూపాయి అన్నారు. గంటలో పెరట్లో గడ్డి దానంతటదే తొక్కుడుపడింది. నూట పన్నెండు రూపాయలు బిల్లయింది. చివరి నలభై నత్తలూ పక్కవీధి నుంచి వచ్చాయన్న అనుమానం మాత్రం ఆయనకు తీరలేదు. మిగిలిన గడ్డి సాయంత్రానికి కూలీ మనిషి పీకేశాడు. సోమవారం ఆవిడ చెప్పిన పని అదే.

ఆదివారం పొద్దున పులిహోర కలిపి, పనసపొట్టు కూర దించి, బజ్జీలకని డబ్బా మూత తీశారు ఆవిడ. అడుగున చెంచా మిగిలింది. ఆవిడ ఏమీ అనలేదు. డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టి వెళ్ళిపోయారంతే.

ఆయన పరుగున కొట్టుకెళ్ళారు. రెండు కిలోల శనగపిండి పొట్లం చంకలో పెట్టుకుని వీధి మలుపు తిరిగారో లేదో, ఎదురుగా ముగ్గులు పెడుతున్న వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక్కొక్కటిగా గేట్లు మూసుకున్నాయి.