డిడ్‌నాట్ వెంట్: టీకా తాత్పర్య సహితం

మూలం: సార్, ఎస్టర్‌డే ఐ డిడ్‌నాట్ వెంట్ టు కోదాడ.

అవతారిక: ఆదివారం ట్యూషను ఎగ్గొట్టిన సూర్యాపేట శిష్యుడు, సోమవారం గురువు నిలదీయగా పలికిన వాక్యమిది. 65వ నంబరు జాతీయ రహదారి మీద కోదాడ దాకా ఇదే పాఠం. ఆ దారికి ఎడంగా ఉన్న మిర్యాలగూడలోనూ ఇదే. 2016 అక్టోబరులో సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి పోయాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. పాఠభేదం మాత్రం రాలేదు.

ప్రతిపదార్థం: ఎస్టర్‌డే = నిన్న; ఐ = నేను; టు కోదాడ = కోదాడకు; వెంట్ = పోయితిని; డిడ్‌నాట్ = లేదు. వెరసి, 'నిన్న నేను కోదాడకు పోయితిని లేదు' అని అన్వయం.

తాత్పర్యం: పోలేదని శిష్యుడి మనవి. పోయాడని గురువుగారి అనుమానం. వాక్యం ఇద్దరినీ సమర్థిస్తున్నది.

విశేషాలు: డిడ్‌లోనే భూతకాలం ఉంది. అది వచ్చాక గో మూలరూపంలో ఉండాలి. ఈ దోషం తెలుగు ప్రభావమని పూర్వ వ్యాఖ్యాతలు తేల్చారు. అది పొసగదు. 'సినిమా చూసిన' అనే నోరు, కాదనవలసి వస్తే 'చూడలే' అంటుంది గాని 'చూసినలే' అనదు. లేదు వచ్చి చేరగానే మన క్రియ కూడా భూతకాలాన్ని విడిచిపెడుతుంది. 1858 నాటి బాలవ్యాకరణం మొహం చూడని పసివాడికి సైతం ఈ సంగతి తెలుసు.

'డిడ్ యూ వెంట్?' అనేదానికి మాత్రం తెలుగును తప్పుపట్టవచ్చు. 'పోయినవు'కు చివర దీర్ఘం తగిలిస్తే 'పోయినవా?' అయిపోతుంది, కాలం చెక్కుచెదరదు. కనుక ఈ దోషం క్షమార్హం.

'ఐ హ్యావ్ సీన్ ఎస్టర్‌డే' కూడా అంతే. నిన్న చూసినా, ఎన్నడో చూసినా మనకు 'చూసిన' ఒక్కటే.

కట్టెడ్, పుట్టెడ్ అనే ప్రయోగాలు నియమం మీది అతిభక్తి. పుట్టెడ్ అని రాసినవాడికి మిర్యాలగూడ మిల్లుల ముందు వడ్ల లారీలు మెదిలాయేమో! ఇక గో పోయి వెంట్ ఎందుకైందని అడిగే శిష్యుడు, 'రా' అని పిలిస్తే వాళ్ల తమ్ముడు 'వచ్చిండు' ఎలా అయ్యాడో ముందు చెప్పాలి.

ఫలశ్రుతి: ఈ మూడూళ్ల ఇంగ్లీషు సార్లకు మనవి. డిడ్‌నాట్ పాఠం మొదలుపెట్టే ముందు బోర్డు మీద 'చూసిన, చూడలే' అని రాయండి. ఆ తర్వాతే బెత్తం సంగతి ఆలోచించండి.