శిశుపీఠ పద్యం: టీకా తాత్పర్యాలు

మూలం (ఆటవెలది)

ఎఱ్ఱచీటి చూచి యెక్కించు పీఠమ్ము
కిటికి చెంత నిలుపు కీలు బిగియ
నొడిని నమ్ముకొనిన నోటమి కలుగును
కుదుపు లేచునపుడు కూన జారు

ప్రతిపదార్థం

ఎఱ్ఱచీటి = పిల్లల సీటుకు అంటించిన ఎర్ర అక్షరాల లేబుల్‌ను; చూచి = కొనేముందే కాక ఇంటి నుంచి బయల్దేరేముందు కూడా చూసి; పీఠమ్ము = కారులో బిడ్డను కూర్చోబెట్టే సీటును; ఎక్కించు = విమానంలోకి చేర్చుము; కిటికి చెంత = కిటికీ పక్క సీటులో; కీలు బిగియన్ = బెల్టు బకిల్ బిగిసేటట్టు; నిలుపు = నిలబెట్టుము; ఒడిని నమ్ముకొనినన్ = బిడ్డను ఒళ్ళో పెట్టుకుంటే చాలుననుకుంటే; ఓటమి కలుగును = చేతులు ఓడిపోవును; కుదుపు లేచునపుడు = విమానం ఎగిరిపడినప్పుడు; కూన జారు = బిడ్డ చేజారును.

అవతారిక

చంటిపిల్లలతో విమానం ఎక్కేటప్పుడు కారు సీటును ఏం చెయ్యాలన్నది పద్యానికి విషయం. ఆ పిల్లల తల్లిదండ్రులు అధికారులు. బిడ్డ క్షేమం ప్రయోజనం. వీటి మధ్య సంబంధం సుమారు పది కిలోల బరువుండే ప్లాస్టిక్ సామాను. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో శంషాబాద్‌లో దిగే ప్రతి తెలుగు కుటుంబమూ ఈ సామానును మోయాలా మానాలా అని ఒకసారైనా తర్కించుకున్నదే.

మూలంలో లేనిది రాయకూడదు, అక్కర్లేనిది చెప్పకూడదు అన్నది మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి వ్యాఖ్యాతలకు చూపిన దారి. ఈ టీక రెండో నియమాన్ని పాటిస్తుంది. మొదటిదాన్ని చివర్లో ఒక్కసారి మీరుతుంది. పద్యకర్త విమానం దిగగానే కలం మూశాడు గాని, కొందరి దారి అక్కడితో తెగదు. ఛత్తీస్‌గఢ్‌లోని బాసగూడ లాంటి ఊరి దాకా పోతుంది.

టీక

ఎఱ్ఱచీటి. అమెరికాలో అమ్మే పిల్లల సీట్లు అక్కడి వాహన భద్రతా ప్రమాణం 213 ప్రకారం తయారవుతాయి. ఆ సీటు మోటారు వాహనాల్లోనూ విమానాల్లోనూ వాడటానికి పనికొస్తుందని దాని మీద ఎర్ర అక్షరాల్లో రాసి ఉంటుంది. అమెరికా సీటు మీద ఆ మాట లేకపోతే క్యాబిన్‌లో పెట్టనివ్వరు. సీటు అట్టడుగునో పక్కనో ఉండే ఈ లేబుల్ పాలు ఒలికి, బిస్కెట్టు పొడి రాలి చెరిగిపోవచ్చు. అందుకే ‘చూచి’ అన్నాడు. కనిపించేలా తుడిచి ఉంచుకోవాలని ధ్వని. యూరప్‌లో కొన్న సీటు అక్కడి ఆర్44, ఆర్129 ప్రమాణాలను తట్టుకున్నంత మాత్రాన విమానానికి పనికొస్తుందని చెప్పలేం. ఆ సంగతి విమాన సంస్థను ముందే అడగాలి.

పీఠమ్ము. ఏకవచనం జాతిని చెబుతుంది. సీట్లలో వెనక్కి తిరిగినవి, ముందుకు తిరిగినవి, రెండువైపులా తిప్పగలిగినవి అని మూడు భేదాలు. వీపు లేకుండా పిల్లను ఎత్తులో కూర్చోబెట్టే బూస్టరు ఈ పదంలోకి రాదు. దానికి పెద్దల భుజం బెల్టు కావాలి. విమానంలో ఉండేది నడుము బెల్టు ఒక్కటే. కనుక టేకాఫ్, ల్యాండింగ్ వేళల్లో బూస్టరు నిషిద్ధం. కేర్స్ అనే పట్టీల సాధనం పీఠం కాకపోయినా ఇందులో చేరుతుంది. విమానం సీటు వీపుకు చుట్టి, పిల్ల భుజాల మీదుగా దించే ఈ పట్టీలను అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 2006లో ఆమోదించింది. 10 నుంచి 20 కిలోల బరువు, ఒక మీటరు లోపు ఎత్తు ఉన్న పిల్లలకు పనికొస్తుంది. మడిచి చేతిసంచిలో పెట్టుకోవచ్చు. అయితే విమానం దిగాక కారులో అది పనికిరాదు. ఈ లోపం ఎంత పెద్దదో అనుబంధంలో తేలుతుంది.

ఎక్కించు. ఈ క్రియకు రెండర్థాలు పొసగుతాయి. క్యాబిన్‌లోకి ఎక్కించడం మొదటిది, సామాను అరలోకి ఎక్కించడం రెండోది. మొదటిది ముఖ్యార్థం. దానికి బిడ్డ పేరున టికెట్టు కావాలి. రెండేళ్ళు నిండిన పిల్లలకు ఎలాగూ టికెట్టు తప్పదు. ఆ లోపు పిల్లలను ఒళ్ళో పెట్టుకోనిస్తారు కనుక చిక్కంతా అక్కడే. సీటు వెడల్పు 16 అంగుళాలు దాటకపోతే చాలా విమానాల్లో పడుతుంది. అంతకు మించితే చేతి ఆనుడు అడ్డొస్తుంది.

రెండో అర్థం గతిలేనప్పటిది. చాలా సంస్థలు పిల్లల సీటును సామానులో ఉచితంగా తీసుకుంటాయి. కౌంటరులో ఇస్తే పట్టాల మీద దొర్లుతూ పోతుంది. గేటు దగ్గర ఇస్తే దొర్లుడు కాస్త తగ్గుతుంది. ఎలా ఇచ్చినా మందమైన సంచిలో పెట్టి, పేరు రాసి, ఫొటో తీసి ఇవ్వాలి. మధ్యలో విమానం మారేవారు సీటు ఆ ఊళ్ళో చేతికొస్తుందా, చివరి ఊళ్ళోనా అని గేటు దగ్గరే అడగాలి. సీటు లోపలి థర్మకోల్ పొర చిట్లితే పైకి కనిపించదు. చేతికి రాగానే గుడ్డ తొడుగు ఎత్తి చూడాలి. దెబ్బ తగిలి ఉంటే విమానాశ్రయం దాటకముందే చెప్పాలి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ ప్రయాణంలో సామాను పాడైతే 7 రోజుల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. భారతదేశం 2009లో ఆ ఒప్పందంలో చేరింది.

కిటికి చెంత. అలంకారం కాదు, నియమం. నడవ పక్కన పెడితే, విమానం ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు లోపలివారికి అది అడ్డంకి. అందుకే కిటికీ పక్కనే పెట్టమంటారు. అత్యవసర ద్వారం ఉన్న వరుసలోను, దానికి ముందు వెనక వరుసల్లోను అసలే పెట్టకూడదు. కిటికీలోంచి మబ్బులు చూపించి బిడ్డను ఊరుకోబెట్టడం ఆనుషంగిక ఫలం.

కీలు బిగియ. కారులో సీటును బంధించే కింది కొక్కేలు, పై పట్టీ విమానంలో ఉండవు. నడుము బెల్టును సీటు మీద గుర్తు పెట్టిన దారిలోంచి పోనిచ్చి, మోకాలితో సీటును అదిమి, బెల్టు లాగాలి. బకిల్ బిడ్డ వెన్నుకు గుచ్చుకుంటుంటే పొడిగింపు బెల్టు అడిగి తీసుకుంటే బకిల్ పక్కకు జరుగుతుంది. బకిల్ మూత తెరిచే వైపు పైకి ఉండాలి. లోపలికి తిరిగితే ప్రయాణమంతా క్షేమంగా ఉండి, దిగేటప్పుడు ఊడి రాదు. వెనక్కి తిరిగిన సీటు పెడితే ముందు వరుస ప్రయాణికుడు వాల్చుకోలేడు. ఆయనతో తగాదా పద్యకర్త చెప్పలేదు, ఊహ్యం. ముందు సీటులోనూ సొంత కుటుంబమే కూర్చోవడం పరిహారం.

ఒడిని నమ్ముకొనిన. ఇక్కడ పూర్వపక్షం. ఒడి కంటే భద్రమైన చోటు లోకంలో లేదని అత్తగార్లు, అమ్మమ్మలు అంటారు. ముగ్గురు పిల్లలను ఒళ్ళో వేసుకుని ఎర్రబస్సులో తిరుపతి వెళ్ళివచ్చిన అనుభవం వారికి ప్రమాణం. ఒడి బిడ్డకు అంతర్జాతీయ టికెట్టులో మామూలుగా పెద్దవారి ధరలో పదోవంతే కనుక జేబు కూడా ఆ పక్షానే సాక్ష్యం చెబుతుంది.

దీనికి సమాధానం లెక్కతో చెప్పాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనులో పదోవంతు కాలంలో ఆగిపోతే, లోపలి ప్రతి వస్తువూ తన బరువుకు సుమారు 14 రెట్ల బలంతో ముందుకు తోసుకుపోతుంది. పది కిలోల బిడ్డ ఆ క్షణంలో రెండు వడ్ల బస్తాలంత బరువు. ఏ తల్లి చేతులూ దాన్ని ఆపలేవు. ప్రేమ తగ్గి కాదు, బలం చాలక. ‘ఓటమి’ అన్న మాట అందుకే పడింది.

దృష్టాంతం. 1989 జూలై 19న అమెరికాలోని సూ సిటీలో యునైటెడ్ సంస్థ 232వ నంబరు విమానం కూలింది. అందులో ఒడి పిల్లలు నలుగురు. నేలకు తాకేముందు వారిని తల్లిదండ్రుల కాళ్ళ దగ్గర, నేల మీద ఉంచమన్నారు. అప్పటి పద్ధతి అది. నలుగురిలో ఒక బిడ్డ చనిపోయింది. ఆ ఆదేశం ఇచ్చిన ప్రధాన పరిచారిక జ్యాన్ బ్రౌన్, ప్రతి బిడ్డకూ సొంత సీటు ఉండాలని ఆ తర్వాత ఏళ్ళ తరబడి పోరాడింది.

కుదుపు లేచునపుడు. కూలడం అరుదు. కుదుపు మాత్రం మామూలు. అందుకే పద్యకర్త ప్రమాదం అనకుండా కుదుపు అన్నాడు. ఇక్కడ ధర్మశాస్త్రాలకు భేదముంది. తల్లి బెల్టుకు తగిలించి బిడ్డ నడుముకు కట్టే చిన్న బెల్టును యూరప్‌లోను, భారతీయ విమానాల్లోను ఇస్తారు. పెద్దవారి ఒళ్ళు ముందుకు ఒరిగి బిడ్డను నొక్కేస్తుందని అమెరికాలో టేకాఫ్, ల్యాండింగ్‌లకు దాన్ని నిషేధించారు. గోడకు తగిలించే ఉయ్యాల నిద్రకు మాత్రమే. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు బిడ్డను అందులోంచి తీయాల్సిందే.

శంక: ఇంత ప్రమాదమైతే ప్రభుత్వాలు ఒడి పిల్లలను ఎందుకు నిషేధించలేదు? అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 2005లో దీనికి జవాబు చెప్పింది. ప్రతి బిడ్డకూ టికెట్టు కొనమంటే ఖర్చు భరించలేని కుటుంబాలు కారులో బయల్దేరుతాయి, విమానం కంటే రోడ్డు మీద చావులు ఎక్కువ కనుక మొత్తానికి నష్టమే అని. సొంత సీటులో కూర్చోబెట్టమని ఆ సంస్థ సలహా మాత్రం ఇస్తూనే ఉంది. ఈ జవాబులో ఒక సిద్ధాంతం దాగి ఉంది. అసలు అపాయం ఆకాశంలో కంటే రోడ్డు మీదే ఎక్కువ.

అనుబంధం: బాసగూడ దారి

ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో తాలిపేరు ఒడ్డున ఉన్న ఊరు బాసగూడ. ఆ ఏరే తెలంగాణలోకి దిగి చర్ల సీమలో గోదావరిలో కలుస్తుంది. శంషాబాద్‌లో దిగి అక్కడికి వెళ్ళాల్సిన కుటుంబానికి దారులు రెండు. జగదల్‌పూర్‌కు విమానం ఒకటి. 2020 సెప్టెంబరులో ఉడాన్ పథకం కింద అక్కడి నుంచి హైదరాబాద్‌కు, రాయ్‌పూర్‌కు ఏటీఆర్ 72 విమానాలు మొదలయ్యాయి. ఈ చిన్న విమానంలో పై అరలు ఇరుకు. అక్కడి నుంచి గీదం, బీజాపూర్, ఆవపల్లి మీదుగా రోడ్డే గతి. రెండోది మొదటి నుంచీ రోడ్డు. వరంగల్, ఏటూరునాగారం మీదుగా 163వ జాతీయ రహదారిలో భోపాలపట్నం చేరి, బీజాపూర్, ఆవపల్లి దాటి బాసగూడ. ఎటు వెళ్ళినా చివరి దారి కారుదో జీపుదో. పద్యకర్త మరిచినది ఇదే.

ఈ దారిలో సీటు వాడకానికి చిక్కులు మూడు. ఒకటి, అద్దె కారుల్లో వెనక బెల్టు బకిళ్ళు సీటు కవరు కింద సమాధి అయి ఉంటాయి. డ్రైవరును బతిమాలి తవ్వి తీయాలి. రెండు, అమెరికా కార్ల బెల్టును పూర్తిగా లాగి వదిలితే బిగుసుకుపోతుంది. ఇక్కడి కార్లలో చాలావాటికి ఆ గుణం లేదు. కనుక అమెరికా నుంచి తెచ్చిన సీటుకు బెల్టును పట్టి ఉంచే లోహపు క్లిప్పు వెంట ఉండాలి. లేదా కారులో ఐసోఫిక్స్ కడ్డీలు ఉన్నాయేమో వెతికి, కొక్కేలు వాటికి తగిలించాలి. మూడు, జీపు వెనక ఎదురెదురుగా ఉండే అడ్డ బల్లల మీద ఏ పిల్లల సీటూ పనిచేయదు. మధ్య వరుసలో ముందుకు చూసే సీటు, దానికి బెల్టు ఉంటేనే పెట్టాలి. ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీటులో వెనక్కి తిరిగిన పీఠం ఎన్నడూ పెట్టరాదు.

చట్టం కూడా ఇక్కడే మాట్లాడుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను ప్రకారం, 14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టు గాని తగిన సీటు గాని లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. ఆవపల్లి దాటాక కారు దొరకక మోటారు సైకిలే గతైతే దానికీ నియమముంది. 2022 ఫిబ్రవరిలో ప్రకటించి ఏడాది తర్వాత అమలులోకి తెచ్చిన నిబంధన ప్రకారం, నాలుగేళ్ళ లోపు బిడ్డను నడిపేవారికి పట్టీలతో కట్టాలి. తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ పెట్టాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటరాదు. తల్లి చీర కొంగు ఈ పట్టీల లెక్కలోకి రాదు.

తాత్పర్యం

బిడ్డకు టికెట్టు కొనగలిగితే లేబుల్ చూసుకుని సీటును క్యాబిన్‌లో కిటికీ పక్కన బిగించాలి. కొనలేకపోతే సీటును కట్టుదిట్టంగా సామానులో వేయాలి. ఇంట్లో మాత్రం వదిలేయకూడదు. విమానంలో అది వాడేది కొన్ని గంటలు. దిగాక రోడ్డు మీద ప్రతి ప్రయాణంలోనూ అవసరం. ఏ సాధనమైనా ప్రయాణంలోని అతి ప్రమాదకరమైన మజిలీని బట్టి ఎంచుకోవాలి. ఆ మజిలీ ఎప్పుడూ రోడ్డే.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని చదివి, లేబుల్, క్లిప్పు, సంచి మూడూ సర్దుకున్నాకే ఇంటికి తాళం వేసేవారికి పిల్లల సీటు బరువు తగ్గదు. పిల్లల గురించిన బెంగ తగ్గుతుంది.