రాజుగారి బాన, మనవాళ్ల సీసా

జైపూర్ సిటీ ప్యాలెస్‌లో నిలువెత్తు వెండి బానలు రెండున్నాయి. ఒక్కోటీ 340 కిలోల పైమాటే, నాలుగు వేల లీటర్లు పడతాయి. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ఇంగ్లండ్ వెళ్తూ, రెండో సవాయి మాధోసింగ్ మహారాజు ఇలాంటి బానల్లో గంగాజలం నింపుకుని ఓడెక్కాడు. పరాయి నీళ్లు ముట్టకూడదని ఆయన పట్టుదల.

ఇక మన సందర్శకుల పట్టుదల చూడండి. బానకు వీపు తిప్పి సెల్ఫీ దిగుతారు. ఫొటోలో మొహం తప్ప వెండి కనబడదు. గైడు చరిత్ర చెబుతుంటే, 'ఇవాళ్టి రేటుకి ఎంత పలుకుతుందండీ?' అని బేరం మొదలెడతారు. ఏ రాజమహల్లోనైనా సరే, గోడ ఖాళీగా కనిపిస్తే తాళంచెవితో తమ ప్రేమకు శిలాశాసనం చెక్కేస్తారు. తాగేసిన నీళ్ల సీసాను స్తంభం చాటున నిలబెట్టి చల్లగా జారుకుంటారు.

మహారాజేమో నిండు బానల్ని సముద్రాలు దాటించాడు. మనవాళ్లకు ఖాళీ సీసాను పదడుగుల దూరంలోని చెత్తబుట్ట దాకా మోయడమే భారం! అయ్యా, టికెట్ ఇచ్చింది చూసి రమ్మని, చెత్త వేసి రమ్మని కాదు.