పడిందా బాబు

రామచంద్రపురం మెయిన్ రోడ్డులో పొద్దున్నే కాకినాడ బస్సు కోసం నిలబడే కుర్రాళ్లలో ఇతణ్ణి గుర్తుపట్టడం తేలిక. మిగతావాళ్లు బస్సు వచ్చే వైపు చూస్తుంటారు, ఇతను సెల్లు వైపు చూస్తుంటాడు. మీరు ఎదురుపడితే "బావున్నారా" కంటే ముందు "పడిందా అండి?" అంటాడు. ఎవరు పడ్డారు, ఎక్కడ పడ్డారు అని కంగారుపడక్కర్లేదు. అతను అడిగేది ఫీజు రీయింబర్స్‌మెంటు విడత గురించి. మీ ఇంట్లో చదువుకునే పిల్లలు లేకపోయినా అడుగుతాడు. కబురు ఎటునుంచి వస్తుందో ఎవరు చెప్పగలరు? అతనికి అసలు పేరొకటి లేకపోలేదు. రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉండడంతో, ఏది చెల్లుతుందో తేలేదాకా ఊరంతా పడిందా బాబు అనే పిలుస్తోంది.

పథకం విషయంలో బాబు పాండిత్యం అంతా ఇంతా కాదు. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు, మాగాణి అయితే 10 ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు, ఇంట్లో సర్కారు ఉద్యోగి ఉండకూడదు, కారుండకూడదు, ఆటోకీ ట్రాక్టరుకీ మినహాయింపు అని గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. సిలబస్‌లో ఎన్ని యూనిట్లున్నాయో అడిగితే మాత్రం "అది మా సీఆర్‌ని అడగాలండి" అంటాడు. తండ్రి ఆటో తోలతాడు కాబట్టి గండం లేదు. ఆమధ్య బాబాయి ఎవరిదో పాత కారు కొని, తన కార్డు పోతుందని భయపడి అన్నయ్య, అంటే బాబు తండ్రి పేరున రాయించబోయాడు. విషయం తెలిసిన బాబు ద్రాక్షారామం దాకా బైకు మీద తరుముకుంటూ వెళ్లి ఆపించాడు. చదువుకు సంబంధించి అతను అంత వేగంగా కదలడం అదొక్కసారే.

కథ వెనక్కి వెళ్తే, 2008లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి హయాంలో మొదలైనప్పటి నుంచి ఫీజు డబ్బు చాలాకాలం కాలేజీ ఖాతాకే పోయేది. కుర్రాడికి దాని ముఖం కూడా తెలిసేది కాదు. 2020 ఫిబ్రవరిలో వసతి దీవెన పథకం వచ్చింది. తిండికీ బసకీ అని ఏడాదికి ఐటీఐ వాళ్లకి 10,000, పాలిటెక్నిక్ వాళ్లకి 15,000, డిగ్రీ ఆపైన వాళ్లకి 20,000, రెండు విడతల్లో ఇచ్చేవారు. 2021 ఏప్రిల్లో, విద్యా దీవెన అని పేరు మారిన ఈ ఫీజు కూడా తల్లుల ఖాతాల్లోకి రావడం మొదలైంది. మూడు నెలలకో విడత. డబ్బు పడ్డాక వారం పది రోజుల్లో తల్లి కాలేజీకి వెళ్లి ఫీజు కట్టాల్సి ఉండేది, పిల్లాడి చదువు ఎలా ఉందో పనిలోపనిగా అడగాల్సి ఉండేది. మంచి ఆలోచనే. కాకపోతే మన బాబుకి ఆ వారం పది రోజులు ఏడాదిలోకెల్లా పెద్ద పండగగా ఉండేవి. ఆ పది రోజులూ అమ్మ వండింది వంకలు పెట్టకుండా తినేవాడు. నీళ్ల బిందె మోసేవాడు. "కాలేజీకి నువ్వెందుకమ్మా ఎండలో, నే కట్టేస్తాగా" అనేవాడు.

హాజరు సంగతి వేరే చెప్పాలి. 75 శాతం ఉంటేనే సాయం. దీన్ని అందరూ డెబ్బై అయిదు క్లాసులకి వెళ్లాలని అర్థం చేసుకుంటారు. బాబు మాత్రం పాతిక మానాలని అర్థం చేసుకుని, ఆ బాధ్యత మొదటి నెలలోనే నెరవేర్చేస్తాడు. "ముందే అయిపోతే తర్వాత టెన్షనుండదండి" అంటాడు. ఆలస్యానికి కారణం అడిగితే కోటిపల్లి రైలుబస్సు రాలేదంటాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టాలు పీకేసి, మళ్లీ 2004లో వేసిన లైను అది. దానిమీద తిరిగిన రైలుబస్సు కరోనా నాడే ఆగిపోయిందని, బెజవాడ నుంచి వచ్చిన కొత్త లెక్చరరు గారికి ఎలా తెలుస్తుంది? 75 తగ్గి 65కి పైన ఉంటే కాకినాడ జేఎన్‌టీయూ రూలు ప్రకారం జబ్బు చేసిందని డాక్టరు సర్టిఫికెట్ చూపించి, ఫీజు కట్టి గట్టెక్కవచ్చు. అందుకని బాబుకి ఏటా మహాశివరాత్రికి టైఫాయిడ్ వస్తుంది. అదే రోజు కోటిపల్లి రేవులో గోదావరి స్నానం చేస్తున్న ఫొటో సెల్లులో స్టేటస్ పెడతాడు. చూసినవాళ్లలో హెచ్‌ఓడీ గారు కూడా ఉన్నారని తర్వాత తెలిసింది. 65 కూడా లేకపోతే డిటెయిన్, ఆపైన రెన్యూవల్ ఉండదు. ఈ ఒక్క ముక్క మాత్రం బాబు ఎవరికీ చెప్పడు, తను కూడా తలుచుకోడు.

ఇలా సాయంతో చదువుకునేవాళ్లు మన వైపు పూర్వమూ ఉండేవారు, వారాలబ్బాయిలు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం, మిగతా వేళల్లో చదువు. ఆ సాయానికి రూళ్ల పుస్తకం లేదు గానీ వడ్డించే ఇంటావిడ ఉండేది. మంగళవారం రాకపోతే మంగళవారం అన్నం లేదు, హాజరు లెక్క అక్కడితో సరి. విస్తరి ముందు కూర్చోబెట్టి నిన్న చెప్పిన పాఠం అప్పజెప్పమనేది, వాళ్ల పిల్లాడికి ఎక్కాలు చెప్పించుకునేది, బజారుకి తరిమేది. ఆ రోజులు మళ్లీ రావాలని నేను అనను. తలవంచుకుని తిన్న అన్నమది, పైగా అన్ని కులాల పిల్లలకీ ఆ గడప తెరుచుకునేదీ కాదు. ఇవాళ ఆటో తోలేవాడి కొడుకు నడిరోడ్డు మీద నిలబడి "పడిందా" అని దర్జాగా అడగగలుగుతున్నాడంటే నాకు ముచ్చటే. పడవలసినవి వేళకి పడక, బకాయిలు ఒక ప్రభుత్వం నుంచి ఇంకో ప్రభుత్వానికి దొర్లి, సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఇరుక్కుపోయిన పిల్లలు ఎంతమందో. వాళ్ల తరఫున కూడా ఇతనే అడుగుతున్నాడనుకోవాలి.

అడగడం వరకే ఇతని వంతు, మిగతాదంతా తల్లిది. పొద్దున్నే ఇడ్లీ బండి ముగించుకుని ఆవిడ వార్డు సచివాలయానికి వెళ్తుంది. ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు, వేలిముద్ర, అన్నీ ఆవిడే. రుబ్బి రుబ్బి వేళ్లు అరిగిపోయి ఆవిడ ముద్ర మిషన్‌కి అందదు. తుడిచి పెట్టమంటారు, తడిపి పెట్టమంటారు, చివరికి రేపు రమ్మంటారు. బాబు వేలిముద్ర మాత్రం మొదటిసారికే పడుతుంది. సెల్లు మీద పైకీ కిందికీ తోయడం తప్ప ఆ వేలికి ఇంకో పని లేదు మరి. "స్టూడెంటు ఎవరమ్మా?" అని సచివాలయంలో కుర్రాడు అడిగితే, ఆవిడ ఒక క్షణం ఆలోచించి పక్కనున్న కొడుకుని చూపిస్తుంది.

డల్లాస్‌లో స్థిరపడిన మేనత్త కూతురు సంక్రాంతికి వచ్చినప్పుడు అక్కడి పద్ధతి చెప్పింది. అమెరికా పౌరురాలు కాబట్టి సర్కారు సాయానికి ఆ పిల్ల ఏటా ఫారం నింపాలి. సాయం నిలవాలంటే మార్కులు పడిపోకూడదు, తీసుకున్న కోర్సుల్లో సుమారు మూడింట రెండు వంతులు పూర్తవ్వాలి. మధ్యలో మానేస్తే కొంత డబ్బు వెనక్కి కట్టాలి. మొదటి అప్పు చేతికిచ్చే ముందు దాన్ని ఎలా తీర్చాలో కూర్చోబెట్టి చెబుతారు. బాబు అంతా విని, "అప్పుకి ముందు క్లాసు కూడానా? దానికీ అటెండెన్సుందా?" అని అడిగి, "సంతకం మా అత్త పెట్టదా?" అన్నాడు.

బాబు ఇంజనీరింగ్ చివరికొచ్చేసరికి 2024 అయింది, ప్రభుత్వం మారింది, ఫీజు తిరిగి నేరుగా కాలేజీకే అన్నారు. కాలేజీలో పాత బకాయిల లిస్టు అంటిస్తారన్న కబురు రాగానే బాబుకి ఈసారి నిజం జ్వరం వచ్చింది. రెండో ఏడాది ఒక విడత డబ్బు "కాలేజీ వాళ్లు తర్వాత కట్టమన్నారమ్మా" అని అమ్మ దగ్గర తీసుకుని సెల్లు కొన్నాడు మరి. "అసలు పడలేదు సార్, గవర్నమెంటు మిస్టేక్" అని దారిపొడుగునా బస్సులో వల్లె వేసుకుంటూ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాడు. గుమాస్తా కంప్యూటర్లో చూసి, "నీకేం లేదయ్యా, తల్లి ఖాతాకొచ్చిన విడతలన్నీ వారం తిరక్కుండా కట్టేశారు" అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మని అడిగాడు. ఆవిడ పిండి కలుపుతూ తలెత్తకుండానే చెప్పింది.

"కాలేజీ డబ్బు కాలేజీకే కట్టాన్రా నాన్నా. నీ సంగతి నాకు తెలీదా? నీ చేతికిచ్చింది డ్వాక్రాలో తీసిన అప్పు. ఇన్నాళ్లూ నే కట్టాను. వచ్చే నెల నించి వాయిదా నీది."

బాబు కాసేపు గుమ్మంలో అలాగే నిలబడ్డాడు. తర్వాత సెల్లు తీసి ఏదో వెతుకుతూ అడిగాడు.

"అమ్మా, దానికి రీయింబర్స్‌మెంటేమైనా ఉందేమో కనుక్కున్నావా?"