పాడిల్ బాబాయ్

మా బాబాయ్ ఎడమకాలు ఆయనకంటే ముందే రిటైరైంది. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఏళ్ల తరబడి క్లచ్ తొక్కీ తొక్కీ మోకాలు అరిగిపోయిందనీ, ఇకమీదట ఆటోమేటిక్ బండి తప్ప వేరేది ముట్టుకోవద్దనీ ఎముకల డాక్టరు తేల్చేశాడు. పాత బండి అమ్మేసి తెల్ల సెడాన్ కొన్నాడు. 'డి'లో పడేసి కాలు ఆనిస్తే చాలు, మిగతాది బండే చూసుకుంటుంది. నెల తిరక్కుండా మోకాలినొప్పి తగ్గింది. ఆ తగ్గడంతోనే అసలు జబ్బు బయటపడింది.

"అన్నీ అదే చేసేసుకుంటుంటే మధ్యలో నేనెందుకురా? డ్యాష్‌బోర్డు మీద స్వామివారికి తోడుగానా?" అన్నాడు ఓ రోజు, ఖాళీగా ఉన్న ఎడమచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ.

ఈ బాపతు మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. శ్రమ తగ్గించుకోవడానికి డబ్బు పెట్టి, తగ్గిన శ్రమ మళ్లీ తెచ్చుకోవడానికి ఇంకాస్త డబ్బు పెడతారు. వాషింగ్ మెషీన్‌లో వేసే బట్టల్ని ముందు చేత్తో ఓసారి జాడించేది కూడా ఈ వంశమే. అయితే కారు దగ్గరకొచ్చేసరికి వీళ్ల సాధనకి ఒక పరికరం దొరికింది. దాని పేరు పాడిల్ షిఫ్టర్. స్టీరింగ్ వెనక చెరో పక్కా రెండు రెక్కలుంటాయి. కుడిది లాగితే పై గేరు, ఎడమది లాగితే కింది గేరు. చెయ్యి స్టీరింగ్ మీంచి తియ్యక్కర్లేదు, క్లచ్ ఊసే లేదు. మోకాలికి మోకాలు దక్కుతుంది, మగతనానికి మగతనం.

చిక్కేమిటంటే కంపెనీవాళ్లు వాటిని పై వేరియంట్‌లోనే ఇచ్చారు. బాబాయ్ కొన్నది దాని కింది మెట్టు. పైదాంట్లో సన్‌రూఫు కూడా ఉంది గానీ దానికాయన బెంగపడలేదు. "విజయవాడ ఎండకి నెత్తిమీద కిటికీ ఎవరికి కావాలి?" అని షోరూములోనే పిన్ని కొట్టిపారేసింది. పాడిల్స్ గురించి అప్పట్లో ఇద్దరికీ తెలీదు. తెలిశాక ఆయనకి నిద్ర పట్టలేదు, ఆయన చెప్పేది వినాల్సి వచ్చి ఆవిడకీ పట్టలేదు.

ముందు చరిత్ర చదువుకున్నాడు. 1989లో ఫెరారీ 640 అనే ఫార్ములా వన్ కారుకి జాన్ బర్నార్డ్ అనే డిజైనరు తొలిసారి ఈ ఏర్పాటు చేశాడు. గేరు రాడ్డు తీసేస్తే డ్రైవరు కూర్చునే చోటు ఇంకా సన్నగా చేసుకోవచ్చన్నది ఆయన లెక్క. పరీక్షల్లో ఆ బండి పట్టుమని ఒక రేసు దూరం నడిచిన పాపాన పోలేదు. అందుకే ఆ ఏటి మొదటి రేసుకి బ్రెజిల్ వెళ్లిన నైజెల్ మాన్సెల్, ఎలాగూ మధ్యలోనే ఆగిపోతుందని ఇంటికి ముందు విమానమే బుక్ చేసుకున్నాడంటారు. తీరా రేసు మధ్యలో స్టీరింగ్ వదులైతే పిట్‌లో దాన్ని మార్పించుకుని మరీ గెలిచాడు. చివరికి కప్పు ఎత్తుకునేటప్పుడు దాని అంచు తగిలి చెయ్యి కోసుకుంది. ఎనిమిదేళ్లకి, 1997లో, ఫెరారీ ఎఫ్355తో ఈ పాడిల్స్ రోడ్డు మీది కార్లకీ దిగొచ్చాయి.

ఈ కథ మా బంధువర్గంలో అందరికీ కంఠతా వచ్చు. పెళ్లిభోజనాల్లో రెండో బంతి లేచేలోపు బాబాయ్ బ్రెజిల్ చేరుకుంటాడు. పక్క కుర్చీలో పడ్డవాడు పెరుగన్నం కలుపుకుని, మాన్సెల్ గెలిచేదాకా ముద్ద నోట్లో పెట్టుకోలేక కూర్చుంటాడు. "మొదటి రేసులోనే, తెలుసా! మొదటి రేసులోనే!" అని విస్తరి పక్కన చేత్తో కొడితే సాంబారు గిన్నె ఎగురుతుంది. ఆ గెలుపులో తనకీ ఏదో వాటా ఉన్నట్టే చెబుతాడు.

పాడిల్ ప్రపంచంలో కులభేదాలు కూడా ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన రెక్కలు చిన్నవిగా ఉన్నాయని వాటిమీద పెద్ద అల్యూమినియం రెక్కలు డబుల్ టేపుతో అతికించుకునేవాళ్లు ఒక తెగ. అసలు స్విచ్చే లేకుండా ఉత్తుత్తి రెక్కలు అంటించుకుని తిరిగేవాళ్లు మరో తెగ. వీళ్లిద్దరన్నా బాబాయ్‌కి చిన్నచూపు. మే నెలలో మధ్యాహ్నం పూట బందరు రోడ్డు మీద కారు ఆపి బట్టల షాపులోకి వెళ్లొచ్చేసరికి ఒకాయన రెక్క ఊడి సీటు కిందికి పోయిందట. ఆయన దాన్ని వెతుకుతూ, వెనక బండివాళ్ల తిట్లు తింటూ సీటు కింద తలపెట్టి ఉండిపోయాడని మా బాబాయ్ ఎంతో సంతోషంగా చెప్పాడు. ఆయన పెట్టించుకోదలిచింది నిజంగా పనిచేసేవి.

నిజంగా పనిచెయ్యాలంటే ఆటోనగర్ పోవాలి. నన్ను సాయం తీసుకెళ్లాడు. అక్కడ లారీలకి బాడీలు కడుతుంటారు, ఇరుసులు సరిచేస్తుంటారు, ఇంజన్లని పేగులతో సహా బయటపెట్టి కూర్చుంటారు. ఆ మోత మధ్యలో తెల్ల సెడాన్ ఆపుకుని బాబాయ్ తన కోరిక చెప్పాడు. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ ఆసాంతం విన్నాడు.

"గేర్లు పడట్లేదని వస్తారండీ మా దగ్గరికి. గేర్లు వాటంతటవే పడుతున్నాయని వచ్చింది మీరే."

"పడటం కాదయ్యా, నేను వెయ్యాలి."

"మరి గేర్ల బండే కొనుక్కోకపోయారా?"

"మోకాలు!"

మేస్త్రి ఇంక వాదించలేదు. గిరాకీ అని అర్థమైపోయింది.

ఇది పైకి కనపడేంత చిన్న పని కాదు. స్టీరింగ్ నడిబొడ్డున ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపు ఊరుకోవాలి, లేకపోతే అది మేస్త్రి మొహాన పేలినా పేలుతుంది. తర్వాత స్టీరింగ్ వెనక బెజ్జాల్లోంచి స్క్రూడ్రైవర్ దూర్చి స్ప్రింగులు నొక్కితే ఎయిర్‌బ్యాగ్ ఊడొస్తుంది. మధ్య నట్టు విప్పితే స్టీరింగ్ చేతికొస్తుంది. దాని కింద క్లాక్ స్ప్రింగ్. చక్రం ఎటు తిరిగినా వైర్లు తెగకుండా, రిబ్బను లాంటి పట్టీని చుట్టచుట్టి పెట్టిన డబ్బా అది. హారన్‌కీ, ఎయిర్‌బ్యాగ్‌కీ, పాడిల్స్‌కీ కరెంటు వెళ్లేది దాంట్లోంచే. అది సరిగ్గా నడిమధ్యకి పెట్టి బిగించకపోతే మొదటి యూ టర్న్‌కే లోపల పట్టీ పుటుక్కుమంటుంది. పాడిల్స్ వైపు మాత్రం గొప్ప విద్యేమీ లేదు, రెండు స్విచ్‌లూ ఒక ఎర్తూ. అయితే ఆ స్విచ్‌ల మాట గేరుబాక్సు కంప్యూటరు వినాలి కదా. ఈ బండికి పై వేరియంటులో అవి ఉండబట్టి విన్నది. లేకపోతే వైర్లు కలిపి దణ్ణం పెట్టుకోవడమే.

మొదటి బిగింపులో హారన్ పోయింది. విజయవాడలో బ్రేకు లేకుండానైనా నెట్టుకురావచ్చు గానీ హారన్ లేకుండా ఇల్లు చేరడం కష్టం. మళ్లీ విప్పారు. రెండోసారి హారన్ వచ్చింది, డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరనంది. మూడోసారి దీపం ఆరింది గానీ స్టీరింగ్ ఒక పన్ను పక్కకి కూర్చుంది. బండి తిన్నగా పోతుంటే చక్రం కాస్త ఎడమకి తిరిగుంటుంది. మళ్లీ విప్పబోతే బాబాయే ఆపాడు. "పర్లేదు, అలవాటైపోతుంది" అన్నాడు. అప్పటికి సాయంత్రమైంది, హెల్పరు కుర్రాడు టీలు తేవడం మానేశాడు. వైరింగ్ ముట్టుకున్నారు కాబట్టి ఆ భాగానికి ఇక వారంటీ వర్తించదని సర్వీసు సెంటరువాళ్లు తర్వాత చల్లగా చెప్పారు. ఆ మాట పిన్నిదాకా రాకుండా బాబాయ్ ఇప్పటికీ కాపాడుకొస్తున్నాడు.

ఇప్పుడాయన డ్రైవింగు చూడాలి. వాచీ విప్పి కప్ హోల్డర్‌లో పెడతాడు. రెండు చేతులూ గడియారంలో తొమ్మిది మీద ఒకటి, మూడు మీద ఒకటి. కానూరు నుంచి పటమట రైతుబజారుకి వంకాయల కోసం బయల్దేరతాం. ఇల్లు దాటగానే టిక్కుమని రెండు, ఆటోనగర్ గేటు దాకా టిక్కుమని మూడు, ముందు ఆటో ఆగితే టిక్కు టిక్కు మళ్లీ ఒకటి. ఫార్ములా వన్‌లో సెకనులో వందోవంతు మిగుల్చుకోవడానికి కనిపెట్టిన సామాను ఇది. మా బాబాయ్ అలా మిగుల్చుకున్న వందోవంతులన్నీ తీసుకెళ్లి బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర జమచేస్తాడు.

పైగా బండి మొండిది. వేగంలో ఉండగా ఒకేసారి ఒకటో గేరు అడిగితే వెయ్యదు, ఇంజను పాడవుతుందని అంకె మినుకుమినుకుమనిపించి ఊరుకుంటుంది. 'డి'లో ఉండగా పాడిల్ లాగితే కాసేపు ఆయన మాట విన్నట్టు విని, ఇంక ముట్టుకోవడం లేదని చూసుకుని పెత్తనం తిరిగి తీసేసుకుంటుంది. ఇంటికి వచ్చిన మామగారి సలహాకి అల్లుడు తలూపినట్టే ఇది కూడా. యూ టర్న్ మరీ ఘోరం. రెక్కలు చక్రంతో పాటే తిరుగుతాయి కాబట్టి సగం తిప్పేసరికి కుడిది ఎడమకొస్తుంది. పోరంకి దగ్గర డివైడర్ సందులో చేతులు పెనవేసుకుని, కింది గేరు అనుకుని పై గేరు లాగేసి, "ఏమైందిరా దీనికి?" అని నా మొహంలోకి చూస్తే నేనేం చెప్పను! వెనక సిటీ బస్సు డ్రైవరు మాత్రం చెప్పాడు, వినిపించేలాగే.

పిన్ని ఆ రెక్కల్ని ముట్టుకోదు. 'డి'లో వేసుకుని పోతుంది, లీటరుకి ఆయనకంటే ఎక్కువే ఇస్తుంది బండి. మైలేజీ మీటరు చూపిస్తే, "నీదంతా హైవే కదా" అంటాడు. ఆవిడ వెళ్లేది పక్కవీధి గుడికి.

అసలు బాంబు పెద్దాడు పేల్చాడు. చెన్నైలో కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు వాడు. సంక్రాంతికి వచ్చి, నాన్న టిక్కుటిక్కులు అరగంట ఓపిక పట్టి, "నాన్నా, ఇది సీవీటీ. దీంట్లో గేర్లుండవు" అన్నాడు. ఉన్నవల్లా వెడల్పు మారే రెండు పుల్లీలూ, వాటి మధ్య ఒక ఉక్కు బెల్టూ. బెల్టు పైకీ కిందికీ జారుతూ ఎన్ని నిష్పత్తులైనా ఇస్తుంది. ఏడు చోట్ల దాన్ని కాసేపు ఆగమని కంప్యూటరు చెబుతుంది, ఆ ఏడింటికీ ఒకటి రెండని అంకెలు వేసి చూపిస్తుంది, అంతే. ఈ బెల్టు పద్ధతిని 1958లోనే డచ్చివాళ్లు డాఫ్ అనే చిన్న కారులో పెట్టారనీ, అది ముందుకెంత వేగంగా పోయేదో వెనక్కీ అంతే వేగంగా పోయేదనీ, చివరికి వాటితో రివర్సు పందేలు కూడా పెట్టుకున్నారనీ వాడు ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. బాబాయ్ వినడం లేదు. మీటరులో వెలుగుతున్న '3' వైపే చూస్తున్నాడు.

"లేకపోతే మరి అంకె ఎందుకు పడుతోంది?"

"మీలాంటి వాళ్ల కోసమే, నాన్నా."

కాస్త దూరం పోయాక బాబాయ్ నింపాదిగా అన్నాడు. "దేవుడు కనపడడం లేదని హారతి ఇవ్వడం మానేశామా?" టిక్కు. నాలుగు పడింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. తిరుమల ఘాట్‌లో ఆ రెక్కలు పెట్టిన డబ్బుకి న్యాయం చేశాయి. ఎక్కేటప్పుడు కాదు. ఎక్కేటప్పుడు బాబాయ్ మాన్సెల్ అయిపోయి ప్రతి వంపులోనూ టిక్కుమనిపించి, కొండ మీది చెక్‌పోస్టుకి కూతవేటు దూరంలో తెల్లమొహం వేశాడు. అలిపిరి నుంచి పైకి చేరడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలని దేవస్థానం నియమం. అంతకంటే ముందొస్తే జరిమానా. మిగిలిన నిమిషాలు గడిచేదాకా పక్కకి ఆపుకుని, పిన్ని ఒలిచిచ్చిన బత్తాయి తొనలు తింటూ కూర్చున్నాం. మా వెనక తీరిగ్గా ఎక్కొచ్చిన పాత జీపు మా కళ్ల ముందే లోపలికి పోయింది.

దిగేటప్పుడే మజా. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు, 40 నిమిషాలకి తగ్గకుండా దిగాలి, మలుపు వెంట మలుపు. రెండులో పెట్టి ఇంజనుతోనే బండిని పట్టి ఉంచాడు. బ్రేకు మీద కాలు వెయ్యాల్సిన అవసరం పెద్దగా రాలేదు. ముందు పోయే బళ్ల నుంచి బ్రేకులు కాలిన కమురు వాసన కారులోకి వస్తుంటే అద్దం దించి మరీ పీల్చాడు. "చూశావా? వాసన చూశావా?" గేరు రాడ్డు పక్కనే కంపెనీ ఉచితంగా ఇచ్చిన 'ఎల్' ఉందనీ, అందులో పడేసినా ఇదే పని జరుగుతుందనీ నాకు తెలుసు. అనలేదు. మళ్లీ విజయవాడ దాకా ఆయన కారులోనే రావాలి.

మొన్న వెళ్లేసరికి ఫోను పట్టుకుని వెలిగిపోతున్నాడు. హ్యుందాయ్‌వాళ్లు అయానిక్ 5 ఎన్ అనే కరెంటు కారు చేశారట. దానికి మార్చే గేర్లే లేవు. అయినా పాడిల్ లాగితే ఎనిమిది గేర్లు మారినట్టు కుదుపిస్తుంది, ఇంజనే లేకపోయినా ఇంజను రొద వినిపిస్తుంది.

"లేని గేర్లు ఎనిమిదే!" అన్నాడు, గన్నవరం దగ్గర సైటు సంగతి ఎత్తడానికి ఇదే అదనని గొంతు సవరించుకుంటూ.

పిన్ని వత్తులు చేసుకుంటోంది. తల ఎత్తలేదు. "దానికి సైటెందుకండీ అమ్మడం? మన కారులో ఏడు లేవని పెద్దాడు చెప్పనే చెప్పాడుగా. ఆటోనగర్ వెళ్లి ఇంకోటి లేకుండా చేయించుకు రండి."