మేస్త్రి చెప్పినా సరే, వినొద్దు

రాజమండ్రి దాటాక రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ రేకుల షెడ్లు ఉంటాయి. అరటి గెలల లారీ, చేపల లారీ, ఇసుక టిప్పరు, కోత మిషను, ఏది ఆగినా అక్కడికే వస్తుంది, తొందరగా కావాలంటూనే వస్తుంది. ఆ తొందరలో పని నేర్చుకునే కుర్రాళ్లకు కొన్ని సలహాలు అందుతుంటాయి. మేస్త్రులు ప్రేమగానే చెబుతారు. ఇన్నేళ్లలో తమకేమీ కాలేదు కాబట్టి నమ్మకంగానూ చెబుతారు. దెబ్బ తగిలినవాళ్లు పని మానేసి ఇంటిపట్టున ఉన్నారు, వాళ్లు ఎవరికీ పని నేర్పరు. ఈ సలహాలు ఇంతకాలం బతికింది అందుకే.

"జాకీ ఉందిగా, దూరిపో."

దూరకండి. జాకీ ఎత్తడానికే గానీ మోయడానికి కాదు. లోపల బరువంతా నూనె మీద, ఆ నూనె ఒక చిన్న సీలు మీద ఆధారపడి ఉంటుంది. సీలు అరిగినా, కింది స్క్రూ కాస్త వదులైనా బండి దిగిపోతుంది. మన దగ్గర దీనికి తోడు నేల కూడా నమ్మదగ్గది కాదు. ఒండ్రుమట్టి వానకు మెత్తబడి జాకీ ఒకవైపుకి కుంగుతుంది. సార్వా దమ్ముల రోజుల్లో పొలం గట్టునే ట్రాక్టరు లేపి ఇనప చక్రాలు మార్చేవాళ్లకు ఇది మరీ ప్రమాదం. జాకీ కింద వెడల్పాటి గట్టి చెక్క వేయండి, మిగతా చక్రాలకు అడ్డు పెట్టండి, ఇరుసు కింద ఇనుప స్టాండ్లు పెట్టి బండిని ఊపి చూశాకే లోపలికి వెళ్లండి. ఇటుకలూ సిమెంటు దిమ్మలూ స్టాండ్లు కావు, పగిలేముందు చెప్పవు. పైకెత్తిన టిప్పరు తొట్టి కింద, ట్రాక్టరు ట్రక్కు కింద కూడా గట్టి ఊత లేకుండా తల పెట్టకండి.

"డీజిలు ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూడు."

నాకు అన్నిటికంటే భయం వేసే సలహా ఇదే, ఎందుకంటే దీని దెబ్బ దెబ్బలా కనిపించదు. లారీ టైరులో గాలి దాదాపు 8 బార్లు ఉంటుంది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్ల పైపుల్లో డీజిలు ఒత్తిడి 1600 బార్లు దాటుతుంది. కంటికి ఆనని చీలిక నుంచి వచ్చే ఆ ధార గ్లౌజునీ చర్మాన్నీ దాటి కండలోకి పోతుంది. పాత ఇంజన్ల నాజిల్ తుంపరకు కూడా ఆ శక్తి ఉంది. పైకి ముల్లు గుచ్చుకున్నంత గాయమే, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. కొన్ని గంటల్లో వేలు వాచి నల్లబడుతుంది. అప్పటికి ఆలస్యం అవుతుంది, వేలు, ఒక్కోసారి చెయ్యి, తీసేయాల్సి రావచ్చు. లీకు వెతకాలంటే అట్టముక్క పట్టి చూడండి. ఇంజను ఆపిన వెంటనే పైపు విప్పకండి, ఒత్తిడి దిగనివ్వండి. గుచ్చుకుందని అనుమానం వస్తే చాలు, ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి, కాకినాడ జీజీహెచ్ లాంటి చోటికి, అప్పటికప్పుడు వెళ్లండి. "గాయం చిన్నదే గానీ డీజిలు ఒత్తిడితో లోపలికి పోయింది" అని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే కట్టు కట్టి పంపేసే ప్రమాదం ఉంది.

"ట్యాంకు ఖాళీయేగా, వెల్డింగు పెట్టు."

నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. పేలేది పెట్రోలు ఆవిరి. గాలిలో అది సుమారు ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం దాకా ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. నీళ్లతో కడిగినంత మాత్రాన మూలల్లోని ఆవిరి పోదు. ట్యాంకు మార్చమని బండి యజమానికి చెప్పండి, కోప్పడితే కోప్పడనివ్వండి. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేల వెంట పారి, బండి కింద నిలబడి పనిచేసే గుంటలోకి దిగుతుంది. గుంటలో పనిచేస్తున్నప్పుడు పైన పెట్రోలుతో సామాన్లు కడగనివ్వకండి.

"రింగు కూర్చుందిలే, గాలి కొట్టు."

పాత లారీ చక్రాల్లో టైరును రిమ్ముకు పట్టి ఉంచేది ఆ ఇనుప రింగే. 100 పాయింట్లు దాటిన గాలితో అది ఎగిరితే ఎదురున్న మనిషి మిగలడు. చక్రాన్ని ఇనుప పంజరంలో పెట్టి, పొడుగు గొట్టంతో, పక్కకు నిలబడి గాలి నింపండి. గాలి ఉండగా రింగు మీద సుత్తి దెబ్బ వేయకండి. సరిచేయాలంటే మొత్తం గాలి తీసేయాలి.

వేడి రేడియేటరు మూత గుడ్డ వేసి తిప్పమంటారు, చల్లారేదాకా ముట్టుకోకండి. బ్రేకు డ్రమ్ములోని దుమ్ము గాలితో ఊదమంటారు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, తడిపి తుడవండి. కాలిన చోట పేస్టు రాయమంటారు, రాయకండి. 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి.

"పిల్లాడు సన్నగా ఉన్నాడు, వాణ్ని దూరమను."

14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని 2016 సవరణతో చట్టం నిషేధించింది. చట్టం లేకపోయినా నా మాట ఇదే: పెద్దవాడు దూరలేని చోటు ఉంటే ఆ భాగం విప్పాలి గానీ పిల్లాణ్ని పంపకూడదు.

"దెబ్బ తగిలితే బయటికి చెప్పకు, కేసవుతుంది."

108కి ఫోను చేయండి. కోలుకున్నాక ఏ పనిలో, ఏ సామానుతో, ఎలా తగిలిందో షెడ్డు గోడ మీద రంగుతో రాయండి. పేరు అక్కర్లేదు. కొత్త కుర్రాడు చేరిన రోజున, పానాల నంబర్లు నేర్పే ముందు, ఆ గోడ చదివించండి.